పువ్వు నీళ్లు

మా మావయ్యకి వాసన తెలియడం లేదని ఆ ఇంట్లో ముందుగా కనిపెట్టింది నేనే. కనిపెట్టి ఊరుకోలేదు, చెప్పాను కూడా. ఆ మాట మొదట్లోనే అనేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఎవర్ని కదిలించినా "అయ్యో, మాకేం తెలుసు, ఎవరూ చెప్పలేదే" అంటున్నారు. చెప్పాను. అసలే నోరున్నదాన్ని, చెప్పకుండా ఎలా ఉంటాను?

మాది మూలికల టీ అమ్మే కొట్టు. కింద వీధివైపు కొట్టు, దాని వెనక పనిగది, పైన మేముండే గదులు. పనిగదిలో గోడ పొడవునా రేకు డబ్బాలు, మధ్యలో పొడుగు బల్ల, బల్ల మీద జల్లెడలు, త్రాసు. నేనూ మా తోడికోడలూ పొద్దున్నించీ ఆ బల్ల దగ్గరే నిలబడి ఎండిన ఆకు నలుపుతాం, పుల్లలు ఏరతాం, జల్లిస్తాం, పొట్లాలు కడతాం. పుదీనా రోజు పుదీనా, నిమ్మగడ్డి రోజు నిమ్మగడ్డి. ఏ రోజు ఏ సరుకు పడితే ఆ వాసన జుట్టులోకి, బట్టల్లోకి, తినే ముద్దలోకి కూడా ఎక్కేస్తుంది. తలంటుకున్నా ఓ పట్టాన వదలదు.

కొట్టులో మా మావయ్య కూర్చునేవాడు. గౌరవం తగ్గించి మాట్లాడుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. ఆ 'గారు' ఇక నా నోటికి తిరగదు. కానీ ఉన్నమాట చెప్పాలి, ఆయన పనిమంతుడు. వచ్చినవాళ్లకి ఊరికే పొట్లం చేతిలో పెట్టి పంపేవాడు కాదు. "తిన్నది అరగడం లేదా? పుదీనా తాగు. ఛాతీలో మంటగా ఉంటుందా? అయితే పుదీనా వద్దు, అది మంటని ఇంకా ఎగదోస్తుంది, సోంపు పట్టుకెళ్లు. నిద్ర పట్టడం లేదా? చామంతి, పడుకోబోయే ముందు, మూతపెట్టి నాననివ్వు. ప్రయాణంలో వాంతులా? అల్లం. గొంతు బొంగురుపోయిందా? అతిమధురం. ఆగాగు, నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటావు కదూ? నీకు అతిమధురం పనికిరాదు, ప్రాణం మీదికి తెస్తుంది. మందారం తాగు, అదీ డాక్టర్ని అడిగి తాగు." ఇలా సాగేది వరస. వీధిలో చాలామందికి ఆయన మాట డాక్టరు మాట కంటే ఎక్కువ.

ఇంట్లో వాళ్లందరికీ సరుకు పేర్లే పెట్టాడు. నేను అల్లం. నోరు ఘాటని. మా తోడికోడలు చామంతి. ఆమె గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నేను ఆమెని అక్కా అంటాను, సొంత అక్క ఉన్నా అంత అభిమానంగా పిలిచేదాన్ని కాదేమో. పెళ్లయిన చాలా ఏళ్లకి అక్కకి ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. మావయ్య దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, తల దగ్గర ముక్కు పెట్టి గాఢంగా పీల్చి, "ఇది మన సోంపుగింజ" అన్నాడు. అప్పటికి ఆయన ముక్కు బాగానే ఉంది.

ఆ ముక్కు మీదే మా కొట్టు నడిచేది. బస్తా ఏదొచ్చినా గుమ్మంలోనే ఆగాలి. మూతి విప్పగానే మావయ్య స్టూలు మీద కూర్చుని, గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. "దింపండి" అంటే దింపాలి, "పట్టుకుపొండి" అంటే ఇక మాట్లాడ్డానికి లేదు. బూజు తగిలిన ఆకునీ, పాత సరుకు కలిపిన కొత్త సరుకునీ ఇట్టే పట్టేసేవాడు. కొడుకులైనా కోడళ్లయినా మేమెవరం సరుకు వాసన గురించి పెదవి విప్పకూడదు. ఎవరైనా నోరు తెరవబోతే నవ్వేసి, "ఒక ఇంటికి ఒక ముక్కు చాలమ్మా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ రెండోసారి ఎవరూ తెరిచేవాళ్లు కాదు.

చలి ముదిరాక మావయ్యకి జ్వరం వచ్చింది. చాలా రోజులు మంచం దిగలేదు. తగ్గి కిందికి వచ్చాక ఒకరోజు నేను పనిగది మూలనున్న పొయ్యి మీద పాలు పెట్టి, వీధిలో ఎవరో పిలిస్తే వెళ్లి మాటల్లో పడ్డాను. వచ్చేసరికి పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగంటి ఇల్లంతా ఒకటే కంపు. మావయ్య ఆ పొయ్యికి బారెడు దూరంలో కూర్చుని చామంతి పూలు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి, "ఏమ్మా అల్లం, ముఖం అలా పెట్టావేం?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఓ కన్ను వేసి ఉంచాను. ఇదివరకు సరుకు చేతికి రాగానే ముక్కు దగ్గరికి వెళ్లేది. ఇప్పుడు ముందు వేళ్ల మధ్య నలుపుతున్నాడు, గలగలమంటుందో లేదో చెవి దగ్గర పెట్టి వింటున్నాడు, నాలుక మీద వేసుకుంటున్నాడు, వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. అన్నీ అయ్యాక, నిర్ణయం ఎలాగూ అయిపోయాక, అప్పుడు కళ్లు మూసుకుని ఇంతేసి ఊపిరి పీలుస్తున్నాడు. అంతా నాటకం. చేతికీ కంటికీ అంత పనితనం ఉంది కనక నడిచిపోతోంది. ఆకుల్ని చూసి పోల్చడం ఆయనకి మనుషుల్ని పోల్చినంత తేలిక.

మా ఆయనతో చెప్పాను. "మీ నాన్నగారికి వాసన తెలియడం లేదండీ. జ్వరం ముక్కుని తీసుకుపోయింది."

ఆయన గడియపెట్టి మరీ నా మీద విరుచుకుపడ్డాడు. "నీకేమైనా మతిపోయిందా? ఈ మాట వీధిలో పడితే మన గతి ఏం కాను? నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో."

"నేను మూసుకుంటే ఆయన ముక్కు తెరుచుకుంటుందా?"

"అదిగో, అదే నోరు!"

బావగారితో చెప్పమంటే, "నువ్వే చెప్పి తిట్లు తిను" అన్నాడు. బావగారితో నేను ఎదురుపడి మాట్లాడేది తక్కువ. అయినా గుమ్మం పక్కన నిలబడి చెప్పాను. ఆయన తూకం మీంచి తల ఎత్తకుండా, "జలుబు చేసి ఉంటుంది, సర్దుకుంటుందిలే" అన్నారు. ఇక మిగిలింది అక్క. అక్క అంతా విని, చేతిలో పుల్లలు అలాగే పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "పాపం పెద్దాయన. ఎంత దిగులుగా ఉందో ఏమో, ఎవరితో చెప్పుకుంటాడు?" అంది. చూశారా ఆమె మనసు? నాకు ఒళ్లు మండింది. "దిగులు సంగతి తర్వాత అక్కా, ఏదైనా పిచ్చి సరుకు దిగితే?" అన్నాను. "అంత అనుభవం ఉన్నాయన, పొరపాటు చెయ్యరులే" అంది.

సోంపుగింజకి అప్పటికి కడుపునొప్పి మొదలైంది. పసిపిల్లలకి మామూలే. పొట్ట ఉబ్బి, కాళ్లు ముడుచుకుని, ముఖం కందిపోయేలా గుక్కపట్టి ఏడ్చేది. మా ఇంట్లో దానికి మందు పువ్వు నీళ్లు. అనాసపువ్వు రెండు రెక్కలు వేసి మరిగించి, వడగట్టి, చల్లార్చి చెంచాతో పట్టేవాళ్లు. మా ఆయనకీ బావగారికీ అవే పట్టారట. వీధిలో ఎందరు తల్లులు పట్టుకెళ్లేవాళ్లో. పసిదానికి పాలు తప్ప ఇంకేదీ పట్టకూడదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అనాసపువ్వు తెచ్చే పాతమనిషి ఆ నెల రాలేదు. కొత్తవాడొకడు బస్తా తెచ్చాడు. విప్పి చూస్తే నిండు పువ్వులు తక్కువ, విరిగిన రెక్కలే ఎక్కువ. నిండు పువ్వయితే మావయ్య కన్ను చాలు. రెక్కల లెక్కా, మొనల తీరూ చూసి చెప్పేస్తాడు. అచ్చం అలాగే ఉండే ఇంకో చెట్టు కాయ ఒకటుందట, అది విషం, చూడ్డానికి కాస్త చిన్నది, కొన వంకర తిరిగి ఉంటుంది. ఈ సంగతి మాకు చెప్పింది కూడా మావయ్యే. ముక్కలైపోతే చిన్నదేదో పెద్దదేదో ఎవడికి తెలుస్తుంది? అప్పుడు ముక్కే దిక్కు. మావయ్య నలిపాడు, తిప్పి చూశాడు, నాలుక కొసన అద్దుకుని ఉమ్మేశాడు, ఆఖర్న కళ్లు మూసుకున్నాడు. "దింపండి" అన్నాడు.

దింపి, పాత సరుకు అడుగున మిగిలిన పెద్ద డబ్బాలోనే కుమ్మరించారు. అక్కడే అంతా మారిపోయింది. మంచి పువ్వు ఘాటు మూత కింద ఊరి ఊరి పక్కనున్న దేనికైనా పట్టేస్తుంది. నేను మూత తీసి చూసినప్పుడు డబ్బా అంతా అనాసపువ్వు వాసనే. అందుకే ఏమీ అనలేకపోయాను. మరిగిస్తే తప్ప దాని అసలు గుణం పైకి రాదు.

ఆ డబ్బాలోంచి మొదటిసారి తీసింది మా ఇంటికే. పొద్దున్నే పిల్ల ఏడుపు అందుకుంది. అక్క నీళ్లు మరిగించి వడగట్టింది. నేను బల్ల దగ్గర పుదీనా జల్లిస్తున్నాను. ఒక చెంచా పట్టిందో లేదో పిల్ల తల తిప్పేసి, తాగిన పాలతో సహా కక్కేసింది. అక్క పిల్లని భుజాన వేసుకుని, గిన్నె పట్టుకుని కొట్టులోకి వెళ్లింది. ఎందుకో నా మనసు కీడు శంకించింది. జల్లెడ పడేసి వెనకే వెళ్లాను.

కొట్టు నిండా జనం. మావయ్య మంచి ఊపులో ఉన్నాడు. ఎవరో ముసలాయనకి చామంతిని ఎంతసేపు నాననివ్వాలో చెబుతున్నాడు.

"మావయ్యా, ఒకసారి ఇది చూస్తారా? పాప కక్కేసింది" అంది అక్క.

"పసిపిల్లలు కక్కకపోతే ఎవరు కక్కుతారమ్మా?" అన్నాడు. జనం నవ్వారు.

అక్క కదల్లేదు. గిన్నె ఆయన ముందుకి జరిపింది. నేను ఉండబట్టలేక, "మావయ్యా, మీకు నిజంగా తెలుస్తోందా? తెలియకపోతే తెలియదని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను.

జనమంతా నావైపు తిరిగారు. మావయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత గిన్నె రెండు చేతులా అందుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నిండుగా పీల్చాడు. "అబ్బ, ఏం సరుకమ్మా! ఇంత మంచి పువ్వు చూసి ఏళ్లయింది. ఆలోచించకుండా పట్టించు" అన్నాడు.

అక్క గిన్నె తీసుకుని అలాగే నిలబడింది. గిన్నెలోకి చూసింది, ఆయనవైపు చూసింది, తర్వాత లోపలికి నడిచింది.

నేను వెంటపడ్డాను. "ఈ పూటకి మానెయ్యి అక్కా, నీకు పుణ్యముంటుంది."

"మావయ్య చూసి చెప్పాక కూడానా?" అంది.

గిన్నె లాక్కుని నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుదీనా. పొద్దున్నించీ పుదీనా జల్లిస్తున్న ముక్కుకి పుదీనా తప్ప ఇంకేం అందుతుంది? గిన్నె తిరిగి ఇచ్చేశాను. అక్క పిల్లని ఒడిలో వేసుకుని మిగిలినదంతా మెల్లమెల్లగా పట్టింది. పిల్ల ఈసారి కక్కలేదు.

మధ్యాహ్నానికి సోంపుగింజ ఏడుపు ఆగిపోయింది. హమ్మయ్య, నిద్రపోయింది అనుకున్నాం. నిద్ర కాదు. చిటికెనవేలు అదిరింది, తర్వాత చెయ్యి, తర్వాత ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుపోయి కనుగుడ్లు పైకి పోయాయి. అక్క పెట్టిన కేకకి వీధి వీధంతా కొట్టు ముందుకొచ్చింది. చెప్పుల్లేకుండా పరిగెత్తాం ఆసుపత్రికి.

డాక్టరమ్మ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి సూది గుచ్చుతూనే అడిగింది. "ఏం పట్టారు?"

"పువ్వు నీళ్లమ్మా. అనాసపువ్వు" అన్నాడు మావయ్య. "స్వచ్ఛమైన సరుకు. నేనే దింపించాను."

"అలాగే ఉండే విషపుకాయ ఒకటి కలుస్తుంటుంది. అది కాదని మీకు ఖాయంగా తెలుసా?"

"ఖాయంగా తెలుసు. స్వయంగా వాసన చూశాను."

"ఖాయం లేదు, గీయం లేదు!" అని అరిచాను. "జ్వరం వచ్చినప్పటి నుంచీ ఆయనకి వాసనే తెలియదు డాక్టరమ్మా! ఇంట్లో అందరికీ చెప్పాను, ఎవరూ వినలేదు!"

మా ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. డాక్టరమ్మ మా గొడవ పట్టించుకోలేదు. పక్కనున్న స్పిరిట్ సీసాలో దూది ముంచి మావయ్య ముందుకి వచ్చింది. "కళ్లు మూసుకోండి. ఇదేమిటో చెప్పండి."

మావయ్య కళ్లు మూసుకున్నాడు. అలవాటు కొద్దీ నిండుగా పీల్చాడు. ఆ గదిలో అడుగుపెట్టిన వాళ్లందరి కళ్లూ ఆ ఘాటుకి మండుతున్నాయి.

"నీళ్లు" అన్నాడు.

డాక్టరమ్మ దూది పారేసి మళ్లీ పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. గొట్టాలు పెట్టారు, ఇంకో పెద్ద డాక్టరు వచ్చాడు, ఫిట్స్ ఆగడం మళ్లీ రావడం, ఆగడం మళ్లీ రావడం. మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. పొద్దుగూకే వేళకి డాక్టరమ్మ బయటికొచ్చి అక్క పక్కన కూర్చుంది. నిలబడి చెప్పకుండా కూర్చుందంటేనే తెలిసిపోయింది, సోంపుగింజ మాకు దక్కలేదని.

ఇక ఆ తర్వాత మా ఇంట్లో జరిగిందానికి నాకు అసహ్యమేసింది. నోరు మూసుకోమన్న మా ఆయనే మావయ్య మీద కేకలేశాడు, "చెబితే మీ సొమ్మేం పోయేది?" అని. సర్దుకుంటుందన్న బావగారు డబ్బాలన్నీ ఈడ్చి నేలమీద బోర్లించారు. పుదీనా, చామంతి, మందారం అన్నీ కలిసి మోకాలి ఎత్తు పోగైంది. మావయ్య ఆ పోగు పక్కనే స్టూలు మీద కూర్చుండిపోయాడు. అన్నం పెడితే తినడు, తీసేస్తే అడగడు. ఆయనకి వాసన తెలియదని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఏం లాభం? కొట్టు మూతపడింది. తలుపు తట్టేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. మావయ్య ఉన్నారా అని, నిద్ర పట్టడం లేదని.

అక్క మాత్రం ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజు చీపురు తెచ్చి ఆ పోగుని ఊడవడం మొదలుపెట్టింది. నేను చేట పట్టాను. మావయ్య అక్కడే స్టూలు మీద ఉన్నాడు. ఆయన వినాలనే గట్టిగా అన్నాను.

"నీ తప్పు రవ్వంత లేదక్కా. నువ్వు అడగాల్సిన మనిషిని అడిగావు. ఆయన పరువు కోసం అబద్ధమాడాడు. నువ్వేం చేస్తావు?"

అక్క చీపురు ఆపింది.

"నాకు తెలిసింది చెల్లీ" అంది.

"ఏం తెలిసింది?"

"పాప కక్కాక గిన్నె వాసన చూడగానే తెలిసింది. అది పువ్వు వాసన కాదు. యాలకుల్లాంటి వాసన, మీద ఇంకేదో చేదు. అందుకే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన బాగుందన్నారు. అంత జనంలో, కళ్లు మూసుకుని, బాగుందన్నారు. నా ముక్కే తప్పు చెబుతోందనుకున్నాను. అనుకుని పట్టేశాను."

నా చేతిలో చేట ఒరిగిపోయి ఆకంతా మళ్లీ నేలపాలైంది. "మరి ఆ మాట నోటితో అనొచ్చు కదక్కా! గిన్నె తీసుకెళ్లినప్పుడే అనొచ్చు కదా, తేడాగా ఉందని! కనీసం నాతోనైనా అనొచ్చు కదా!"

అక్క నావైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"నాకేం వాసన వస్తోందని ఈ ఇంట్లో నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు చెల్లీ. ఆ రోజు నువ్వు కూడా ఆయన్నే అడిగావు" అంది.

స్టూలు మీద మావయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను చేటని నేలకి ఆనించి పట్టాను. అక్క వంగి, ఒలికిన ఆకుని మళ్లీ చేటలోకి ఎత్తింది.